తంతి మాస్టారి కేబుల్ ముక్కలు

మా పెరటి చివర, పంటకాలువ గట్టు మీద రెండు కొబ్బరిచెట్లు ఉండేవి. వాటి మధ్య దూరం 72 అడుగులు. అమలాపురానికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో కొబ్బరిచెట్లకు కొదవ లేదు గనుక, ఏ చెట్టుకూ ఏ చెట్టుకూ మధ్య ఎంత ఎడం ఉందో టేపు పెట్టి కొలిచినవారు నాకు తెలిసి మరొకరు లేరు. నాకు హ్యామ్ రేడియో కోసం, అంటే లైసెన్సు తీసుకుని ఇంటినుంచే దూరాన ఉన్నవారితో రేడియోలో మాట్లాడే సరదా కోసం, ఆ లెక్క అవసరమైంది. 7.05 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే డైపోల్ యాంటెన్నాకు, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు చేతుల్లా అటూ ఇటూ చాచి కట్టే తీగకు, ఎన్ని అడుగులు కావాలో తెలియాలంటే 468ని ఆ అంకెతో భాగించాలి. అలా భాగిస్తే 66 అడుగుల నాలుగున్నర అంగుళాలు వస్తుంది. రెండు కొసల్లో పింగాణీ ఇన్సులేటర్లకు, నైలాన్ తాళ్లకు చోటు పోగా, ఆ రెండు చెట్లూ దానికోసమే ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నట్టు సరిగ్గా సరిపోయాయి.

ఆ భాగహారం నాకు నేర్పినవారు తంతి మాస్టారు. ఆయన బడిపంతులు కారు. తంతి కార్యాలయంలో ఉద్యోగం చేసి విరమించాక, మా వీధి చివరి పెంకుటింట్లో ఉంటూ, అడిగిన పిల్లలకల్లా మోర్స్, అంటే చుక్కలూ గీతల తంతి భాష, నేర్పేవారు గనుక ఊరంతా ఆయనను అలా పిలిచేది. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, 1993లో ఆయన దగ్గర చేరాను. హ్యామ్ రేడియో గ్రేడ్-2 పరీక్షకు నిమిషానికి ఐదు మాటల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం అప్పట్లో రావలసి ఉండేది. ఆయనకు ఆ వేగం నిద్రలో నడిచినంత తేలిక. మాకు మాత్రం అరుగు మీద కూర్చోబెట్టి, దారిన పోయే బండి మీద ఏం రాసి ఉందో దానినే నోటితో డిట్, డా అంటూ చెప్పమనేవారు. లారీ వెనక రాసిన రాతలన్నీ ఆ విధంగా మోర్స్‌లో నాకు కంఠతా వచ్చాయి.

ఆయన గదిలో 807 వాల్వుతో సొంతంగా కట్టుకున్న ట్రాన్స్‌మిటర్ ఉండేది. దానిని చూడడానికి వచ్చినవారంతా ఆ వెలుగుతున్న వాల్వును చూసి ముచ్చటపడేవారు. మాస్టారు వారిని చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకువెళ్లి, పైన ఆకాశానికి అడ్డంగా సాగిన తీగను చూపించేవారు. "సెట్టు డబ్బు పెడితే ఎక్కడైనా దొరుకుతుంది నాయనా. ఇది మాత్రం ఎవరి పెరటికి తగ్గట్టు వారు కట్టుకోవలసిందే" అనేవారు. ఇప్పటికీ ఒక హ్యామ్ ఇంటికి వెళితే నా కళ్లు ముందుగా ఇంటికప్పు మీదికే పోతాయి.

లైసెన్సు ఇంకా చేతికి రాకముందే ఒక సాయంత్రం ఆయన నా చేతిలో జానెడు కోయాక్సియల్ కేబుల్ ముక్క, ఒక బ్లేడు పెట్టి, "విప్పి చూడు" అన్నారు. అది ఆర్‌జీ-58 రకం, అయిదు మిల్లీమీటర్ల లావు ఉంటుంది. నల్లటి పై తొడుగుకు చుట్టూ గాటు పెట్టి లాగితే అరటిదవ్వ మీది పొరలా జారి వచ్చింది. దాని కింద జడ అల్లినట్టు, వెంట్రుకంత సన్నని రాగితీగల అల్లిక ఉంది. ఆ అల్లికను వేలితో వెనక్కి తోస్తే గట్టి పాలిథీన్, మీగడ రంగులో, గోరు పెట్టినా దిగకుండా ఉంది. దాని నడుమ ఒకే ఒక్క రాగితీగ. నాలుగింటినీ విడదీసి దినపత్రిక మీద వరుసగా పేర్చాక ఆయన అడిగారు: "దీనిలో కరెంటు ఎన్ని దారుల్లో నడుస్తుందోయ్?" రెండు దారుల్లో అన్నాను. నడిమి తీగ ఒకటి, అల్లిక ఒకటి. "మూడు" అన్నారు ఆయన. ఆ మూడోది ఏదో చెప్పలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే నాకు ఆ మాట అర్థమైందనే అనుకున్నాను. నిజంగా అర్థం కావడానికి మూడేళ్లకు పైగా పట్టింది.

1994 వేసవిలో డైపోల్ లేపాము. కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన మనిషి నడుముకు నైలాన్ తాడు కట్టుకుని ఎక్కి, మొవ్వుకు దెబ్బ తగలకుండా మట్టలకు కిందుగా కప్పీలు కట్టి దిగాడు. తీగకు మధ్యలో, ఇళ్లల్లో కరెంటు వైరింగుకు వాడే పీవీసీ గొట్టం ముక్క అడ్డుగా పెట్టి, దానికి రెండు వైపులా డైపోల్ చేతులు కట్టి, కేబుల్ నడిమి తీగను ఒక చేతికీ, అల్లికను మరొక చేతికీ సోల్డర్ చేశాము. ఆ కేబుల్ తిన్నగా కిందికి దిగి మా వంటింటి పక్కనున్న కొట్టుగదిలోకి వచ్చేది. మాస్టారి పాత సెట్టు ఒకటి అరువు తెచ్చుకుని, మొదటిసారి మైకు అందుకుని, వింటున్నవారెవరైనా పలకండి అనే అర్థంలో సీక్యూ అని పిలిచినప్పుడు నా పెదవి మీద ఎర్రచీమ కుట్టినట్టయింది. మైకు మూతి మీది ఇనుప జల్లెడకు పెదవి తగిలినప్పుడల్లా కుట్టేది. ముందు కరెంటు షాకనుకుని హడలిపోయాను. అమ్మ ఆ కొట్టుగదికి తాళం వేసేసింది.

మాస్టారు వచ్చి, మైకును చూడకుండా, గది కిటికీలోంచి బయటికి వంగి కేబుల్ వైపు చూశారు. రేడియో కరెంటు రాగి లోతుల్లోకి దిగదని, చర్మం మీదే పాకుతుందని ఆయన చెప్పారు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది దిగే లోతు మిల్లీమీటరులో నలభయ్యో వంతు. 145 మెగాహెర్ట్జ్ దగ్గరైతే అందులోనూ సుమారు అయిదో వంతే. అందువల్ల ఆ అల్లిక చేతికి ఒక్కటిగా కనిపిస్తున్నా, దాని లోపలి ముఖం వేరు, బయటి ముఖం వేరు. ఒకే గోడకు లోపల వేసిన రంగు, బయట వేసిన సున్నం ఒకదానికొకటి తెలియనట్టే, అల్లిక లోపలి కరెంటుకూ బయటి కరెంటుకూ పొత్తు ఉండదు. కేబుల్ లోపల నడిమి తీగతో జంటగా నడిచి వచ్చిన కరెంటు, పైకి చేరి డైపోల్ దగ్గర అల్లిక తెరుచుకున్న చోట, కొంత డైపోల్ చేతిలోకి పోతుంది, కొంత అల్లిక బయటి ముఖం పట్టుకుని తిరిగి కిందికి దిగి, కొట్టుగదిలోకి, సెట్టు పెట్టె మీదికి, చివరికి నా పెదవి దాకా వస్తుంది. మూడో దారి అదే.

మందు చాలా తేలిక. డైపోల్ మధ్యన కేబుల్ మొదలయ్యే చోటే సుమారు పదిహేను అడుగుల కేబుల్‌ను జానెడు అడ్డకొలత ఉండేలా ఆరేడు చుట్లు చుట్టి, నైలాన్ దారంతో కట్టి వేలాడదీశాము. లోపలి కరెంటుకు తాను చుట్ట తిరుగుతున్న సంగతే తెలియదు, ఎందుకంటే దాని జంట దాని వెంటే ఉంటుంది. బయటి ముఖం మీద దిగబోయే కరెంటుకు మాత్రం అది పెద్ద కాయిల్‌లా అడ్డుపడుతుంది. ఆ తరువాత మైకు కుట్టలేదు. కొట్టుగది తాళంచెవి తిరిగి నా చేతికి వచ్చింది.

కనెక్టర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చేతితో యాంటెన్నాలు కట్టేవారిని అన్నింటికంటే ఎక్కువ ఏడిపించేవి అవే. కేబుల్ కొసను సెట్టుకు తగిలించే పీఎల్-259 కనెక్టర్ ఒంటికి ఉన్న నాలుగు చిన్న రంధ్రాల గుండా లోపలి అల్లికకు సోల్డర్ పట్టించాలి. ఆ కనెక్టర్ ఒళ్లు ఎంత వేడినైనా మింగేస్తుంది. నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ దానిమీద పెట్టి పది నిమిషాలు కూర్చుంటే లోపలి పాలిథీన్ మెత్తబడేదే గాని సోల్డర్ కరిగేది కాదు. అప్పట్లో మూణ్ణెల్లకొకసారి మా ఊరి రావిచెట్టు కింద తిత్తి పెట్టుకుని, ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే అతను వచ్చేవాడు. మాట్లు వేయడానికి ఆయన దగ్గర పావుకిలో బరువున్న రాగి మొన కాడ ఉండేది. నా కనెక్టర్ ఆయన చేతికిచ్చాను. ఆయన నిప్పుల్లోంచి కాడ తీసి, నవాసారం అద్ది, తెల్లని పొగ లేస్తుండగా నాలుగు రంధ్రాలూ అరనిమిషంలో నింపి ఇచ్చాడు. అంత నున్నటి మాటు నేను అంతకుముందు చూడలేదు. పది రూపాయలిస్తే పుచ్చుకోలేదు, "ఇది గిన్నె కాదు గదండీ" అన్నాడు.

ఆ వానాకాలం మధ్యకు వచ్చేసరికి సెట్టులో చిటపటలు మొదలయ్యాయి. ఒకరోజు అటునుంచి మాటలు బాగా వినిపించేవి, మరునాడు బావిలోంచి వచ్చినట్టుండేవి. కనెక్టర్ ఊడదీసి చూస్తే లోపలంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. నవాసారం గిన్నె మీదైతే కడిగేస్తే పోతుంది, అల్లిక సందుల్లో చేరినది ఎక్కడికీ పోదు, తేమ తగిలిన ప్రతిసారీ రాగిని కొరుకుతూనే ఉంటుంది. తప్పు కళాయి మనిషిది కాదు, ఆయన పనికి ఆయన మందు సరైనదే. మాస్టారు చేసిన పని మాత్రం నాకు అప్పుడు వింతగా తోచింది. చిలుము కనిపించిన రెండంగుళాలే కాక, పైకి శుభ్రంగా కనిపిస్తున్న కేబుల్‌ను కూడా ఒక మూర దాకా కోసి పారేశారు. వత్తి నూనెను పీల్చుకున్నట్టు అల్లిక నీటిని పీల్చుకుంటుందని, పై తొడుగు విప్పితే లోపల ఎంతదూరం నల్లబడిందో చూడమని అన్నారు. విప్పి చూస్తే నిజంగానే జానెడు దాకా నల్లబడి ఉంది. అప్పటి నుంచి 65 వాట్ల ఐరన్, రోజిన్ కలిసిన సోల్డర్ తప్ప మరొకటి ముట్టుకోలేదు. అతుకు మీద ఎం-సీల్ పెట్టి, దాని పైన పాత సైకిల్ ట్యూబును రిబ్బన్‌లా కోసి లాగి చుట్టడం కూడా అప్పుడే అలవాటైంది. బజారులో దొరికే టేపులు చాలా చూశాను. సైకిల్ ట్యూబుకు సాటి వచ్చినది లేదు.

1996 నవంబరు 6 తుపాను రాత్రి సంగతి కోనసీమలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నేను ఇక్కడ ఎక్కువ చెప్పను. తెల్లవారేసరికి మా రెండు కొబ్బరిచెట్లూ లేవు. ఒకటి వేళ్లతో సహా కాలువలోకి ఒరిగింది, రెండోది నడిమికి విరిగింది. డైపోల్ తీగలో ఇరవై అడుగుల ముక్క నాలుగు రోజుల తరువాత పక్కచేనులో దొరికింది. చుట్టుపక్కల ఎటు చూసినా ఎత్తుగా నిలబడినది ఏదీ లేదు. కరెంటు వచ్చి, మనుషులు కాస్త తెప్పరిల్లాక, ఒక వెదురు గడకు మరొక వెదురు గడ కలిపి కట్టి 35 అడుగుల ఎత్తున నిలబెట్టి, డైపోల్ నడుమను దాని కొనకు కట్టి చేతులను గుడారం తాళ్లలా కిందికి దింపాము. అది పనిచేసింది, కానీ మాకు తృప్తి కలగలేదు. అప్పుడే మాస్టారి దృష్టి రెండు మీటర్ల బ్యాండు మీదికి, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండు మీదికి మళ్లింది. ఆయన మిత్రుడొకరు ఇచ్చిన పాత చేతి సెట్టు ఒకటి బీరువాలో ఉండిపోయింది. ఆ బ్యాండులో డైపోల్ మొత్తం పొడవు ఒక మీటరుకు మించదు. చెట్లు పోయినవారికి అంతకంటే తగిన బ్యాండు ఏముంటుంది?

కేబుల్ కొరత ఆ ఏడాది ఎవరికీ లేదు. ఊళ్లో కేబుల్ టీవీ నడిపే అతను, తుపానుకు తెగి వీధుల్లో పడిన తీగలన్నీ చుట్టలు చుట్టి తన పాకలో పడేసి, "కావలసినంత పట్టుకుపోండి మాస్టారూ" అన్నాడు. ఆ చుట్టల్లో రెండు రకాలున్నాయి. ఒకదాని అల్లిక అల్యూమినియం. దానిమీద సోల్డర్ చేమాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయేది. అది పక్కన పడేసి, రాగి అల్లిక ఉన్నది ఏరుకున్నాము. దానిని కోసి చూసినప్పుడు లోపలి తెల్లని పదార్థం గోటితో నొక్కితే థర్మోకోల్‌లా అణిగింది. ఆ అణగడాన్ని నా గోరు గమనించింది, నా బుద్ధి గమనించలేదు.

నాకప్పుడు కోలినియర్ యాంటెన్నా కట్టాలని ఉబలాటం. కేబుల్‌ను సమానమైన ముక్కలుగా కోసి, మొదటి ముక్క నడిమి తీగను రెండో ముక్క అల్లికకు, మొదటిదాని అల్లికను రెండోదాని నడిమి తీగకు, ఇలా ప్రతి అతుకు దగ్గరా అడ్డదిడ్డంగా మార్చి కలుపుతూ పోతే, పైకి నిలబెట్టినప్పుడు ఆ ముక్కలన్నింటి బయటి ముఖాలూ ఒకే తాళానికి అడుగు వేసే కోలాటం జట్టులా కలిసి ప్రసరిస్తాయి. శక్తి ఆకాశంలోకి వృథాగా పోకుండా చుట్టూ దిగంతం వైపు పరుచుకుంటుంది. ప్రతి ముక్కా కేబుల్ లోపల సగం తరంగం పొడవు ఉండాలి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో సగం తరంగం 103.4 సెంటీమీటర్లు. కేబుల్ లోపల తరంగం నెమ్మదిగా నడుస్తుంది గనుక పొడవు తగ్గుతుంది. ఆర్‌జీ-58లో ఆ వేగం గాలిలోని వేగానికి 0.66 వంతు. గుణిస్తే 68.2 సెంటీమీటర్లు. ఎనిమిది ముక్కలు కోశాను, ఏడు అతుకులు వేశాను, కొనకు 49 సెంటీమీటర్ల తీగ తగిలించి, మొత్తాన్ని పీవీసీ గొట్టంలోకి దూర్చి వెదురు మీదికి లేపాను. మూడు ఆదివారాల పని అది.

రావులపాలెంలో ఉన్న మిత్రుడికి అది వినిపించనే లేదు. చేతి సెట్టుకు వచ్చిన రబ్బరు యాంటెన్నాతో డాబా మీదికి ఎక్కి పిలిస్తే ఎంతో కొంత వినిపిస్తున్నవాడికి, ఇరవై అడుగుల ఎత్తున నిలబెట్టిన నా ఎనిమిది ముక్కల యాంటెన్నాతో ఏమీ వినిపించలేదు. అతుకులన్నీ విప్పి మళ్లీ వేశాను. అదే ఫలితం. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదని అమ్మ మాస్టారికి చెప్పిందట. మరునాడు ఉదయం ఆయన తాను కట్టుకున్న డిప్ మీటరు చేతపట్టుకుని వచ్చారు.

డిప్ మీటరు అంటే కాయిల్ బయటికి పొడుచుకు వచ్చిన చిన్న పెట్టె. లోపల చిన్న ఆసిలేటర్ ఉంటుంది. ఆ కాయిల్‌ను ఏదైనా తీగచుట్ట దగ్గరికి తీసుకువెళ్లి డయల్ తిప్పుతుంటే, రెండింటి ఫ్రీక్వెన్సీలూ కలిసిన చోట ముల్లు ఒక్కసారి కిందికి దిగుతుంది. మాస్టారు సరిగ్గా ఒక మీటరు కేబుల్ కొలిచి కోసి, ఒక కొసన నడిమి తీగనూ అల్లికనూ చిన్న చుట్టుగా కలిపి, రెండో కొస తెరిచి ఉంచి, మీటరు కాయిల్‌ను ఆ చుట్టు దగ్గర పెట్టారు. "గాలిలో మీటరు పొడవు పావు తరంగమైతే ఫ్రీక్వెన్సీ ఎంత?" అన్నారు. మూడు వందలను నాలుగుతో భాగించి 75 అన్నాను. "నువ్వు నమ్ముకున్న 0.66 నిజమైతే?" 49.5 అన్నాను. ఆయన డయల్‌ను 40 దగ్గర నుంచి నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టారు. 49 వచ్చింది, 50 వచ్చింది, ముల్లు కదలలేదు. 55 దాటింది. 61 దగ్గర ముల్లు చటుక్కున కిందికి వంగింది. ఆయన డయల్‌ను వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తెచ్చారు. మళ్లీ 61 దగ్గరే.

61ని 75తో భాగిస్తే 0.81. నా గోటికి అణిగిన ఆ తెల్లని పదార్థం గట్టి పాలిథీన్ కాదు, గాలి బుడగలు నింపిన నురగ. గాలి ఎంత ఎక్కువగా ఉంటే తరంగం అంత వేగంగా నడుస్తుంది. నా ముక్కలు ఉండవలసినది 68 సెంటీమీటర్లు కాదు, దాదాపు 84. ప్రతి అతుకు దగ్గరా తాళం తప్పుతూ పోయి, ఎనిమిదో ముక్కకు వచ్చేసరికి కోలాటం కాస్తా ఎవరి కర్ర వారిదే అన్నట్టయింది. కొత్తగా ఎనిమిది ముక్కలు కోసి కట్టాక వచ్చిన ఆదివారం, రావులపాలెం మిత్రుడు "ఫైవ్ నైన్", అంటే స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోంది అని చెప్పినప్పుడు పక్కనే కుర్చీలో కూర్చున్న మాస్టారు కళ్లు మూసుకుని తల ఊపారు. యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యుఆర్ 1.6 చూపిస్తోంది, ఇంకా దించమంటారా అని అడిగాను. 1.5 ఉన్నా తిరిగి వచ్చేది నాలుగు శాతమే, 2 ఉన్నా పదకొండు శాతమే, ఆ ముల్లును పూజించడం మానేసి అవతలి మనిషితో మాట్లాడమన్నారు. ఈ మాట నేను ఇప్పటి కుర్రవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ విజయం నా తలకెక్కింది. ఇక కేబుల్ రహస్యం నాకు తెలిసిపోయిందనే నమ్మకంతో, ప్రయాణాల్లో వెంట తీసుకుపోవడానికి వీలుగా ఆర్‌జీ-58తోనే ఒక స్లీవ్ డైపోల్ చేయబోయాను. దీనిలో విడిగా తీగ అంటూ ఏదీ ఉండదు. కేబుల్ కొసన పై తొడుగు ఒలిచి, అల్లికను వెనక్కి తిరగేసి కేబుల్ మీదికే తొడిగితే అది కింది చెయ్యి, బయటపడిన నడిమి తీగ పై చెయ్యి. పావు తరంగం 51.7 సెంటీమీటర్లు, దానిని 0.66తో గుణించి, రెండు చేతులూ 34 సెంటీమీటర్లకు గుర్తుపెట్టి కత్తెర అందుకున్నాను. మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. "ఏ దారి లెక్క వేశావోయ్?" అన్నారు.

అప్పుడు అర్థమైంది. కోలినియర్‌లో ముక్క పొడవును నిర్ణయించేది లోపలి దారి, అక్కడ పాలిథీన్ ఉంది, నురగ ఉంది, తరంగం నెమ్మదిస్తుంది. ఈ డైపోల్‌లో ప్రసరించేది, పొడవును నిర్ణయించేది బయటి దారి. బయట ఉన్నది గాలి. అక్కడ 0.66కు పని లేదు. తీగ లావుకు, కొసల ప్రభావానికి కొద్దిగా తగ్గించి పై చెయ్యి 49 సెంటీమీటర్లు, కింద అల్లిక అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంటే చాలు. ఆ ఆర్‌జీ-58 ముక్క విప్పించిన సాయంత్రం ఆయన మూడు అన్నది ఎందుకో, అదే కేబుల్‌ను ఒక యాంటెన్నాకు ఒక లెక్కతోనూ మరొక యాంటెన్నాకు మరొక లెక్కతోనూ ఎందుకు కోయాలో, రెండూ ఒక్కసారే నా బుర్రకెక్కాయి. "ఆయ్, బయటి దారండీ" అన్నాను. ఆయన నా మణికట్టు వదిలేశారు.

అల్లికను తిరగేయడం చూడడానికి తేలికగా ఉంటుంది గాని చేతికి అంత తేలిక కాదు. లాగితే బిగుసుకుంటుంది, తోస్తే వదులవుతుంది. అర మీటరు అల్లికను ఒకేసారి తిరగేయాలని చూస్తే మధ్యలో ముడుతలు పడి తీగలు తెగుతాయి. మాస్టారు బొటనవేలు, చూపుడువేలితో కొస దగ్గర పట్టి, కుబుసం ఒలిచినట్టు అంగుళం అంగుళం వెనక్కి తోస్తూ, పొంగిన భాగాన్ని తడిబట్టతో సవరిస్తూ, ముప్పావు గంటలో ఒక్క తీగ కూడా తెగకుండా దానిని కేబుల్ పై తొడుగు మీదికి ఎక్కించారు. తోసినందువల్ల అల్లిక లావెక్కి దానంతట అదే 46 సెంటీమీటర్లకు వచ్చి ఆగింది. కింద అయిదారు చుట్లు కేబుల్ చుట్టి, కొనకు కొక్కెం కట్టాము. కిటికీ ఊచకైనా, మామిడికొమ్మకైనా తగిలిస్తే చాలు. దానిని సంచిలో పెట్టుకుని నేను ఎన్ని ఊళ్లు తిరిగానో చెప్పలేను.

తరువాత ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరాను. హైదరాబాదుకే చెందిన అష్హర్ ఫర్హాన్, రేడియోలో పిలుచుకునే పేరు, అంటే కాల్‌సైన్, వీయూ2ఈఎస్ఈ, 2003 ప్రాంతంలో రూపొందించిన బిట్ఎక్స్ సెట్టును నేనూ కట్టాను. కాయిళ్లు చుట్టడానికి ప్రత్యేకమైన రింగులు దొరకనివారు నీళ్ల కుళాయిలో వేసే వాషర్ల మీద చుట్టుకోవచ్చునన్న ఆ సెట్టు వివరం మాస్టారికి ఫోనులో చెబితే ఆయన ఎంతసేపు నవ్వారో. "మన మనిషే నాయనా" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

2009 చలికాలంలో ఆయన సైలెంట్ కీ అయ్యారు. కన్నుమూసిన హ్యామ్‌ను మేము అలాగే అంటాము. 2013 జూలైలో ఈ దేశంలో టెలిగ్రాం సేవ నిలిచిపోయినప్పుడు, ఆ వార్త వినడానికి ఆయన లేకపోవడమే మంచిదైందని నాకు అనిపించింది.

రెండేళ్ల కిందట అరచేతిలో ఇమిడే నానోవీఎన్ఏ ఒకటి కొన్నాను. యాంటెన్నాను తగిలిస్తే చాలు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎలా ఉందో గీత గీసి చూపిస్తుంది. కొన్న రాత్రే పాత పెట్టె దింపి, ఆ స్లీవ్ డైపోల్ తీసి, బాల్కనీ తీగకు తగిలించి చూశాను. గీత 145.1 దగ్గర లోయలా దిగింది. డిప్ మీటరు, ఒక చిన్న బల్బు, కంటిచూపు తప్ప మరేమీ లేని రోజుల్లో చేసినది.

కొసన చుట్టిన టేపు బంక కారి ఊడిపోయేలా ఉంటే కొత్తది వేద్దామని విప్పాను. లోపల పై చెయ్యి కొస, వేలి గోరంత మేర వెనక్కి మడిచి, తీగకు ఆనించి నొక్కి ఉంది. ఆనాడు 49 సెంటీమీటర్ల దగ్గర కోసేస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. కోయడం ఒక్కసారే కుదురుతుంది, మడవడం ఎన్నిసార్లైనా కుదురుతుందని చెప్పి, 51 సెంటీమీటర్లు ఉంచి, కొస మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ చూశారు. భూతద్దం పెట్టి చూస్తే ఆ రాగి మీద మూడు చోట్ల వంచి సరిచేసిన గుర్తులు వరుసగా ఉన్నాయి, నాలుగో చోట ఆగిన మడత ఉంది. నేను దానిని విప్పలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచి, సైకిల్ ట్యూబు ముక్క ఒకటి వెతికి తెచ్చి, దానిమీద లాగి చుట్టాను.